స్తంభం పక్కన మనిషి

పాత బొమ్మలు బాగుచేసే పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మీరు బాగుచేసిన గొప్ప బొమ్మ ఏది?" దానికి రకరకాల జవాబులు చెబుతూ వచ్చాను. వరద నీళ్లలో నానిన పటం సంగతి చెప్పాను, చెదలు తిన్న దేవుడి పటాల సంగతి చెప్పాను. అసలు చెప్పవలసిన సంగతి మాత్రం దాటవేశాను. ఎందుకంటే అందులో నేను బాగుచేసింది ఏమీ లేదు. రిటైరై నాలుగేళ్లయింది, ఇప్పుడు చెబితే పోయేదేమీ లేదు కాబట్టి ధైర్యం చేస్తోందని మీరు అనుకోవచ్చు. అనుకోండి.

నేను పనిచేసింది బెజవాడలో ఒక ట్రస్టు వాళ్లు నడిపిన చిన్న చిత్రశాలలో. ఇప్పుడది లేదు. ఆ మేడలో బట్టల కొట్టు పెట్టారు. మా రోజుల్లో కింద రెండు హాళ్లు, పైన ఆఫీసు, వెనకవైపు కాలువ కనిపించే గదిలో నా బల్ల ఉండేవి. మా అధికారి చిత్రకళ చరిత్ర చదువుకున్న మనిషి, మెత్తనివాడు, గొడవంటే భయం. ఫ్రేములు కట్టే పెద్దాయన కొండపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా చెక్కబొమ్మలు చేసేవాళ్లు. ఆయన్ని నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని.

ఇక నేను. నాది కొల్లేటి గట్టు మీది ఊరు. మా నాన్న చేపలు పట్టాడు. మా అమ్మమ్మ, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని బెజవాడ వచ్చేసింది. పటమటలో నాలుగిళ్లలో పాచిపని చేసి నన్ను చదివించింది. ఈ సంగతులేవీ చిత్రశాలలో ఎవరికీ తెలియవు. దాచానని అనను, చెప్పలేదు. చేరిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం నా క్యారియర్ మూత తీయగానే ఎవరో ముక్కు మూసుకుని నవ్వారు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసుకి పప్పూ పచ్చడే తీసుకెళ్లాను.

నాకు యాభై ఏళ్లు వచ్చిన ఏడు మా అధికారికి ఒక ఆలోచన వచ్చింది. మన డెల్టా మనుషులు భోజనం చేస్తున్న బొమ్మలు మూడు దొరికాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూపిద్దాం అన్నారు. మొదటిది ఒక భూస్వామి ఇంటి నూనెరంగుల పటం. చావడిలో పీటల మీద వరసగా కూర్చున్న ఏడుగురు, ముందు అరిటాకులు, మధ్యలో మీసాల పెద్దాయన. రెండోది ఒక డ్రాయింగు మాస్టారు వేసింది. నాట్ల రోజుల్లో గట్టు మీద కూర్చుని గంజి తాగుతున్న రైతు కుటుంబం. మూడోది ఈ మధ్యది, ఒక ఆఫీసరు ఇంట్లో డైనింగు టేబులు.

రెండూ మూడూ ముందే వచ్చాయి. వాటిని గోడకి ఆనించి మా అధికారి నన్ను పిలిచారు.

"చూశారా? గట్టు మీద భోజనంలో కుడి పక్కన కూలిమనిషి కుండ పట్టుకుని నిలబడింది. ఈ డైనింగు టేబులు బొమ్మలోనూ కుడి పక్కనే పనిమనిషి, ఫ్రిజ్జు దగ్గర. ఇద్దరి ముఖాలూ మనకు కనపడవు. ఒకళ్లది చూసి ఒకళ్లు గీశారంటారా?"

"ఇళ్లన్నీ అలాగే ఉంటాయేమో సార్," అన్నాను.

ఆ పనిమనిషి వీపు చూస్తే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. తను పనిచేసే ఇళ్లకి చిన్నప్పుడు నన్ను కూడా తీసుకెళ్లేది. వాళ్లు తిని లేచేదాకా వంటింటి గుమ్మం దగ్గర అచ్చం అలాగే, ఒక కాలి మీద బరువు వేసి నిలబడేది. ఈ మాట మా అధికారికి చెప్పలేదు.

తర్వాత వారం పెద్ద పటం వచ్చింది. కాగితం మీద దాని యజమాని పేరు, సొంతూరు పేరు రాసి ఉన్నాయి. ఊరి పేరు చదవగానే సంతకం పెట్టబోతున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఆ ఊరి పెద్దింటికి మా అమ్మమ్మ చేపలు వేసేది. ఆ ఇంట్లో వాళ్లు బొమ్మ గీయించుకుంటున్నప్పుడు, కొరమీనులు ఇచ్చి వెళ్లబోతున్న తనని ఆ గీసే ఆయన ఆగమన్నాడని, మూడు రోజులు గంపతో స్తంభం పక్కన నిలబెట్టాడని, కాళ్లు వాచిపోయాయని మా అమ్మమ్మ చెప్పేదట. "పెద్దింటి పటంలో నేనూ ఉన్నాను" అనేదట. వాడలో అందరికీ అదొక నవ్వులాట. పదేళ్లప్పుడు అమ్మ, ఆ ఇంట్లో పెళ్లికి చేపలు మోసుకెళ్తున్న అమ్మమ్మకి తోడు వెళ్లింది. గుమ్మంలోంచి తొంగి చూసింది. గోడ మీద పటం ఉంది. అందులో పెద్దింటివాళ్లు ఏడుగురున్నారు. వాళ్లమ్మ లేదు. తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద, నలుగురూ వింటుండగా, "అబద్ధాలకోరుదానివి, నీవల్ల నాకు తలవంపులు" అందట.  అమ్మమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ పటం ఊసెత్తలేదు. నేను పుట్టకముందే పోయింది. అమ్మ నాకీ సంగతి నవ్వుతూనే చెప్పేది గాని, చెప్పాక కాసేపు ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేది.

పటం మీద వార్నిషు ముదిరి తేనెరంగుకు తిరిగింది. కుడి పక్కన చావడి స్తంభం, దాని అవతలంతా నలుపు. మా అధికారి దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"మిగతా రెంటికీ ఇది పెద్దక్కలా ఉంది, కానీ కుడివైపు ఎవరూ లేరేంటండీ? పెద్దాయన చెయ్యి చూడండి, అటు చాచి ఎవరికో ఏదో చెబుతున్నట్టుంది. ఎవరూ లేనిచోటుకి ఎందుకు చాస్తాడు?"

 "శుభ్రం చేసి చూద్దాం సార్," అన్నాను.

మా పని మీకు తెలిసిందే. పుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, వేలెడంత మేర తుడిచి, మురికైన దూది పారేసి, మళ్లీ కొత్త దూది. ఎడమ నుంచి మొదలుపెట్టి తొమ్మిది రోజులకి నలుపు దగ్గరికి వచ్చాను. అక్కడి రంగు మిగతా పటంలా గట్టిగా లేదు. దూదికి అంటుకుని వచ్చేసింది. కింద ఒక కాలి బొటనవేలు కనిపించింది. తర్వాత మట్టెలు. మోకాలి కిందికి కట్టిన ముతక చీర, నడుముకి ఆనించిన గంప, గంప అంచు పట్టుకున్న చెయ్యి. ఆఖరికి ముఖం.

ముఖం అనడానికి పెద్దగా ఏమీ లేదు. కూర్చున్న ఏడుగురికీ చిత్రకారుడు కనురెప్పలు కూడా విడివిడిగా తీశాడు. ఈమెకి మాత్రం గోధుమరంగు మీద రెండు గీతలు, కొంగు నోటికి అడ్డం. చేతులు మాత్రం ఎంతో శ్రద్ధగా వేశాడు.

బాబాయిగారు వచ్చి నా భుజం మీదుగా చూశారు. "మేం అంబారీ ఏనుగు చేస్తాం కదమ్మా, పైన కూర్చున్న దొర మీసానికి నాలుగుసార్లు రంగేస్తాం. మావటివాడికి రెండు చుక్కలు పెట్టి వదిలేస్తాం. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు," అన్నారు.

ఆమె మా అమ్మమ్మేనని నేను ఈ రోజుకీ రుజువు చేయలేను. ఆ ఇంటికి చేపలు తెచ్చే మనిషి ఇంకొకరు ఉండి ఉండవచ్చు. అయినా ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అమ్మకి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆదివారం చెప్పకుండా తీసుకొచ్చి పటం ముందు నిలబెడితే బాగుంటుందనిపించి ఊరుకున్నాను. అదే నా మొదటి తప్పు.

శుక్రవారం పటం యజమాని వచ్చారు. ఆ మీసాల పెద్దాయన మనవడు. అరవై దాటిన మనిషి, మాటలో ఎంతో మర్యాద. మా గదిలో పటం చూసి నేరుగా ఆఫీసులోకి వెళ్లారు. కాసేపటికి నాకు పిలుపు వచ్చింది. లోపల ఆయనా మా అధికారీ కూర్చుని కాఫీ తాగుతున్నారు. గదిలో మూడో కుర్చీ లేదు.

"రంగులు బాగా తేలాయండీ," అన్నారాయన నాతో. "మా తాతని చూస్తుంటే మనిషే లేచొచ్చినట్టుంది. ఆ చివర మనిషి మాత్రం వద్దండి."

"అక్కడ మనిషి ఉన్నట్టు మీకు ముందే తెలుసా అండీ?" అని అడిగాను.

"విన్నానండి. మా నాయనమ్మ ఒప్పుకోలేదంట. నట్టింట్లో తగిలించే పటంలో చేపల మనిషేంటని గొడవ చేస్తే ఆ గీసినాయనే నల్లరంగు పూసిచ్చాడంట. అదప్పటి మాట. నాకట్టాంటి పట్టింపుల్లేవు. మా ఇంట్లో వంటామె ఎవరో, ఏంటో నేనేనాడూ అడగలేదు. కానీ ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదండీ. ఫొటో తీసి పెడతారు. తాము తింటా ఒక ఆడమనిషిని స్తంభం పక్కన నిలబెట్టారు, చూడండి అని రాస్తారు. మా తాత ఊళ్లో బడి కట్టించాడండి. ఆ ముక్క ఎవడూ రాయడు."

ఆ మాటలో నిజమైన బాధ ఉంది. ఆయన్ని చెడ్డవాడని చెబితే నాకు సులువుగా ఉండేది. మొదటిసారి ఆమెను చెరిపింది అసహ్యంతో, రెండోసారి చెరపమంటున్నది సిగ్గుతో. నిలబడ్డ మనిషికి మాత్రం రెంటికీ తేడా లేదు.

మా అధికారి కప్పు కింద పెట్టి నావైపు చూశారు. "పటం వారిది. మనకి చూపించడానికి ఇచ్చారంతే. మళ్లీ కప్పడం సాధ్యమేనా అండీ?"

సాధ్యమేనా అని అడిగారు, చేస్తారా అని కాదు. నేను వద్దని ఉంటే ఆయన ఇంకో రెండు మాటలు మాట్లాడేవారేమో. ఈ మూడు బొమ్మల పోలిక కనిపెట్టింది ఆయనే. ఆమె దొరికిన రోజు చిన్నపిల్లాడిలా సంబరపడిందీ ఆయనే. కాని ఆమె తరఫున వాదించాలంటే ఆమె నాకేమవుతుందో చెప్పాలి. నేను ఎవరి మనవరాలినో, ఏ గంప కింద పెరిగానో ఆ కాఫీ కప్పుల ముందు చెప్పాలి. మాట గొంతులోకి వచ్చింది. దానితో పాటు ఆ పాత క్యారియర్ మూత, ఎవరిదో నవ్వు కూడా వచ్చాయి.

"సాధ్యమే సార్," అన్నాను.

పటం యజమాని ఎంతో తేలికపడ్డారు. వెళ్తూ వెళ్తూ, మా తోటవండీ అని నా చేతిలో మామిడిపళ్ల సంచి పెట్టారు. తీసుకున్నాను. పళ్లు తియ్యగానే ఉన్నాయి.

శనివారం పొద్దున పలకమీద రంగు కలిపాను. బాబాయిగారు బల్ల దగ్గరికి వచ్చి, పలకమీద నలుపు చూసి, కండువా భుజాన వేసుకున్నారు. "ఇది తప్పో ఒప్పో నాకు తెలీదమ్మా. ఇవాళ నేనీ గదిలో ఉండలేను," అని కిందికి వెళ్లిపోయారు. నేను ముఖం నుంచి మొదలుపెట్టాను. ముందు ముఖం పోతే మిగతాది సులువవుతుందనుకున్నాను. రెండు గీతలే కదా, ఒక్క కుంచె పెట్టుతో పోయింది. చేతులకి మాత్రం చాలా సమయం పట్టింది. అవి నలుపులోంచి పైకి కనపడుతూనే ఉన్నాయి, మూడుసార్లు పూయాల్సి వచ్చింది. మనం వేసే రంగు ఎప్పుడైనా తీసేయడానికి వీలుగా ఉండాలని మా పనిలో నియమం. అలాంటి రంగే వాడాను. కప్పడానికి ముందు ఫొటోలు తీసి ఫైల్లో పెట్టాను. నేనేమీ చెరపలేదు, తెర వేశానంతే అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రానికి స్తంభం పక్కన చీకటి తప్ప ఏమీ లేదు. పని శుభ్రంగా వచ్చింది. నా సర్వీసులో అంత నేర్పుగా చేసిన పని ఇంకోటి లేదు.

అమ్మని ఆదివారం తీసుకురాలేదు. ప్రదర్శనకి కూడా పిలవలేదు. కాని పక్కింటివాళ్లు పేపర్లో చూసి వెళ్తూ ఆమెని కూడా ఆటో ఎక్కించుకుని వచ్చారు. నేను హాల్లో ఉండగా, కర్ర పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది. మొదటి పటం ముందుకు రాగానే ఆగిపోయింది.

"ఈ చావడి నాకు తెలుసే," అంది.

 కర్ర పైకెత్తి కుడి పక్క చూపించింది. "ఇదిగో, ఈ స్తంభమేనే మా అమ్మ చెప్పింది. ఇక్కడే నిలబెట్టారంది. సరిగ్గా చూడు. నా కళ్లకి ఆనట్లేదేమో. ఎవరన్నా ఉన్నారా?"

చుట్టూ జనం ఉన్నారు. పటం యజమాని చుట్టాలు, మా అధికారి, చేతిలో కూల్‌డ్రింకు గ్లాసులు.

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "పోనీలే. ఇన్నేళ్లూ ఒకటే పీకేది లోపల. చిన్నతనంలో సరిగ్గా చూడకుండా, ఉత్తపుణ్యానికి మా అమ్మని అంత మాటన్నానేమో అని. ముసల్దే కోతలు కోసింది." నవ్వి నా చెయ్యి తట్టింది. ఆ రోజంతా హుషారుగా ఉంది. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లకి వాళ్లమ్మ కోతల కథ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.

మీరే చెప్పండి, ఆ హుషారు చూశాక ఏ నోటితో చెప్పాలి? చెబితే అమ్మ మళ్లీ ఆ గట్టు మీదికి వెళ్లి నిలబడుతుంది. చెప్పకపోతే అమ్మమ్మ అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. నాలుగు నెలలు నెట్టుకొచ్చాను. ఒకరోజు అన్నం దగ్గర అమ్మ మళ్లీ నవ్వుతూ ఆ మాట ఎత్తింది. నేను లేచి సంచిలోంచి ఫొటో తీసి ఆమె ముందు పెట్టాను. మొత్తం చెప్పాను, నా చేత్తో కప్పిన సంగతితో సహా.

అమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఫొటో చాలాసేపు చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"చేతులు మా అమ్మవే," అంది. "చిటికెన వేలు చూడు, జెల్లచేప ముల్లు గుచ్చుకుని వంకరపోయింది." ఆ వేలు వంకరని నేను చిత్రకారుడి పొరపాటనుకున్నాను. కొంతసేపయ్యాక, "నేను అంత మాటంటే ఆ రోజు అన్నం తినలేదు. ఆకలి లేదంది," అంది. 

మర్నాడే నేను పటం యజమాని ఇంటికి వెళ్లాను. ఈసారి ఎవరి మనవరాలినో చెప్పాను. నా సొంత ఖర్చుతో ఆ నలుపు తీసేస్తానన్నాను. ఆయన లేచి నిలబడి, కుర్చీ చూపించి, కూర్చోండమ్మా అన్నారు. తల వంచుకుని చెప్పారు. అన్నదమ్ములు ఇంట్లో సామాన్లు పంచుకున్నప్పుడు పటం ఆయన తమ్ముడి వాటాకి వెళ్లిందట. అతను దాన్ని ఎవరో హోటలు వాళ్లకి ఇచ్చేశాడట. వాళ్లు పటం మెరవాలని పైన ఏదో గట్టి పూత పూయించారని కూడా విన్నారట. ఏ ఊళ్లో ఉందో ఆయనకీ తెలియదు. "అప్పుడే చెప్పాల్సిందమ్మా మీరు. మీరు చెబితే నేను కాదనేవాణ్ని కాదు," అన్నారు. నిజమే కావచ్చు. అబద్ధమైనా నేను కాదనలేను. నేను చెప్పలేదు కదా.

ఇక మిగిలింది ఆ ఫొటో. దాన్ని పెద్దది చేయిస్తే, మా బాబాయిగారే టేకు ఫ్రేము కట్టి ఇచ్చారు. నాన్న పటం పక్కన మేకు కొడుతుంటే అమ్మ వద్దంది.

"అక్కడ నిలబెట్టింది చాలదా? నా ఇంట్లో కూడా గంపతో నిలబెడతావా దాన్ని?"

మా దగ్గర అమ్మమ్మది ఇంకో ఫొటో లేదు. అందుకని ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకుని అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ముఖం నువ్వు చెప్పు, చేతులు దీంట్లోవి ఉన్నాయి, కూర్చున్నట్టు నేను గీస్తానన్నాను. ముక్కు నాలాగే ఉండేదంది, నుదురు వెడల్పంది. బొమ్మ కొంచెం కొంచెం తయారవుతోంది.

"కూర్చుంటే ఎలా కూర్చునేదమ్మా? బాసింపట్టా? గోడకి ఆనుకునా?"

అమ్మ కళ్లు మూసుకుని ఆలోచించింది.  ఒకసారి చెయ్యి ఎత్తి ఏదో చూపించబోయి దింపేసింది.

"గుర్తు రావట్లేదే," అంది. "మా అమ్మ కూర్చోగా నేనెప్పుడు చూశాను?"